మస్తానన్న మీదికి స్వామి రాలేదు

మా మస్తానన్నకు వచ్చింది జబ్బు. తాగి తెచ్చుకున్నది కాదు, ఎవరో చేతబడి చేస్తే వచ్చింది కాదు, స్వామి మీదికి రావడం అసలే కాదు. ముసలితనంలో వచ్చే మరపు జబ్బు ఆయనకు యాభై నిండీ నిండకముందే వచ్చింది. ఇంత చిన్న సంగతి మా ఊరికి తలకెక్కడానికి ఏడాదికి పైగా పట్టింది. ఎక్కించడానికి ఆయన భార్య షంషాద్ పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను. అది చల్లారేటట్టు లేదు కాబట్టి మంటలోనే రాస్తున్నాను.

షంషాద్, నేను ఉరవకొండ హైస్కూల్లో ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లం. ఆమె పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చింది. నేను టీచరు ఉద్యోగంలో చేరి, బదిలీల మీద నాలుగు మండలాలు తిరిగి, చివరికి ఇదే ఊరి బడికి వచ్చి వాళ్లింటి వెనక వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. వాళ్లు ముస్లింలే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. డిగ్రీ చదివే కూతురు రేష్మ తండ్రిని నాయనా అనే పిలుస్తుంది. మస్తానన్న బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు. మా చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని బోరు తక్కువ.

ఆయనకు ఇంకో బాధ్యత కూడా ఉండేది. మొహర్రంకు మా ఊళ్లో జరిగే పీర్లపండగలో పెద్దస్వామి పీరును, గుడ్డలు చుట్టిన ఆ లోహపు హస్తాన్ని, ఎత్తుకునేది తరతరాలుగా వాళ్లింటివాళ్లే. పండగ చివరి రోజు తెల్లవారుతుండగా పీర్ల చావిడి ముందు నిప్పుల గుండం తొక్కేది, పగలు పీరును ఊరంతా ఊరేగించేది మస్తానన్నే. పీరును ఎత్తుకున్న మనిషి మీదికి స్వామి వస్తాడని మా వాళ్ల నమ్మకం. అప్పుడు ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడగొచ్చు. పెళ్లి గురించి, బోరు గురించి, వాన గురించి. అడిగేవాళ్లను ఆపే హక్కు ఎవరికీ లేదు. మా ఊళ్లో పీర్లకు చక్కెర చదివించని ఇల్లంటూ లేదు, నా ఇల్లు కూడా అంతే. కాబట్టి నా కోపం స్వామి మీద కాదు. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇది చదివితే పండగ కమిటీవాళ్లు మొదట అనేది అదే.

మొదటి ఏడు, ఎండాకాలం

ఎండలు ముదిరేకొద్దీ బోర్లు అడుగంటుతాయి, మోటార్లు కాలిపోతాయి. మెకానిక్కుకు తిండి తినే తీరిక ఉండదు. ఆ ఏడు ఒక దానిమ్మతోట రైతుకు మస్తానన్న మోటారు బాగుచేసి దించితే అది వెనక్కి తిరిగింది. వైర్లు తారుమారుగా కలిపాడు. రైతు బజారులో నిలబడి అరిచాడు.

"బాగు చేయప్పా అంటే ఎదురు తిప్పి పెట్టినావే! పొద్దున్నే ఏసుకొని వచ్చినావా?"

మస్తానన్న జన్మలో మందు ముట్టినవాడు కాదు. ఆ మాటకు కాలర్ పట్టుకోవాల్సిన మనిషి, రైతు ముఖంలోకి అయోమయంగా చూసి, "ఏమోప్పా, సరిగ్గానే కలిపినానే," అన్నాడు. కూరగాయలకు వెళ్లిన నేను అక్కడే ఉన్నాను. నాకెందుకో భయం వేసింది.

ఆ తరవాత ఒకటీ రెండూ కాదు. మోటారు విప్పి సగంలో వదిలేసి ఇంటికి వచ్చేసేవాడు. అప్పుడే అన్నం తిని, ఇంకా పెట్టలేదేమని షంషాద్‌ను అడిగేవాడు. ఉరవకొండకని బండి మీద పోయిన మనిషి పూర్తిగా వేరే దిక్కున రాప్తాడు దగ్గర హైవే మీద తేలాడు. పెట్రోలు అయిపోయి నిలబడి ఉంటే ఎవరో పుణ్యాత్ముడు ఆయన ఫోను తీసుకుని ఇంటికి చేశాడు. ఊరు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది. తాగుతున్నాడు, లేదంటే ఎక్కడో ఇంకో సంసారం పెట్టాడు. యాభై ఏళ్ల మనిషికి, పలుగు పట్టుకుని పని చేయగల మనిషికి, మరపు జబ్బు వస్తుందని ఎవరికీ తట్టలేదు. అనంతపురంలో చూపిస్తే ఆ డాక్టరుకే తట్టలేదు. ఫోను చూసుకుంటూనే టెన్షన్ అన్నాడు, నిద్రకు మాత్రలు రాశాడు.

ఆ మాత్రలు వేసుకుని మస్తానన్న పగలు కూడా తూలుతూ నడిచాడు. ఊరికి ఇంక సాక్ష్యం దొరికింది.

"ఏమే సుజాతా," అంది షంషాద్ ఒక సాయంత్రం మా గడప మీద కూర్చుని, "నిజంగానే తాగితే బాగుండు అనిపిస్తాంది. తాగింటే పొద్దునకైనా దిగుతాది గదా."

నేను లేచి టీ పెట్టి ఇచ్చాను.

ఆ ఏడు పండగ

మస్తానన్నకు చిన్నప్పటి జతగాడు ఓబులేసు. మెట్ట సేద్యగాడు, నోరు తక్కువ మనిషి. ఊరేగింపులో ఎప్పుడూ ఆయన మోచేతి పక్కనే నడుస్తాడు. ఆ ఏడు పండగకు షంషాద్ భయపడింది గానీ గుండం బాగానే గడిచింది. అలవాటైన పాదాలు, అలవాటైన నాలుగు అడుగులు. పక్కన ఓబులేసు ఉండనే ఉన్నాడు.

పగటి ఊరేగింపులో మాత్రం రేషన్ షాపు మలుపు దగ్గర ఎడమకు తిరగాల్సిన మస్తానన్న కుడికి తిరిగాడు. అటు ఊరు లేదు, చేలే. తప్పెట్లు ఒక్క క్షణం తడబడి ఆయన వెనకే నడిచాయి. ఆయన పీరును ఎత్తుకుని ముళ్లకంపలు దాటి, నరసింహులనే రైతు చేనులో ఎప్పుడో ఎండిపోయిన ఒక బోరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. కదల్లేదు. జనం చుట్టూ మూగారు. అంతలో ఎవరో గట్టిగా అరిచారు.

"స్వామి దారి మార్చినాడప్పో! నీళ్లు చూపిస్తాండాడు!"

ఇంక చెప్పాలా. జనం నేల మీద పడి మొక్కారు. నరసింహులు ఏడ్చాడు. ఓబులేసు మాత్రం బిత్తరపోయిన ముఖంతో నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఆయప్ప మొదటిసారి మోటారు దించింది ఈ బోరులోనే. చిన్నపిల్లోళ్లం అప్పుడు. పనికి వచ్చినట్ల వచ్చినాడు. పానాలు యాడ పెట్టినావురా అని నన్ను అడుగుతాండాడు."

నేను ఆ మాట షంషాద్‌కు చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకెవరికి చెప్పినా కొట్టేవాళ్లు.

నరసింహులు వారం తిరక్కుండా అక్కడ కొత్త బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. అదీ మా ఖర్మ. మా నేలలో ఎక్కడ వేసినా పదింట్లో రెండో మూడో పడతాయి, ఆ రెండింట్లో ఒకటి అక్కడ పడింది. ఆ బోరు ఎండిపోయి ఉంటే మాకు సగం కష్టాలు తప్పేవి. ఒక రైతు పచ్చగా బతుకుతుంటే ఇలా అనుకోవలసి వచ్చినందుకు కూడా నాకు కోపమే.

చలికాలం

నిన్నటిదాకా తాగుబోతు అన్న నోళ్లే మస్తాన్ స్వామి అనడం మొదలుపెట్టాయి. పండగ అయిపోయినా స్వామి ఆయన్ని వదల్లేదంట. వేరే ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు. చేతిలో చక్కెర, ఊదుబత్తి, టెంకాయ. గడప దాటి నేరుగా మంచం దగ్గరికే వచ్చేవాళ్లు.

"మా ఆయప్పకు ఒంట్లో బాగలేదమ్మా, పోండి," అని షంషాద్ దండం పెట్టేది.

"ఒగ మాట చెప్పమను తల్లీ. ఒగే మాట. పోతాము."

ఆయన భయపడి "ఉండాది, ఉండాది" అంటే నీళ్లున్నాయని. "పో" అంటే ఆ సంబంధం వద్దని. ఏమీ అనకుండా గోడ వైపు తిరిగితే మన దగ్గరే ఏదో పాపం ఉందని. ఒకరోజు ఊపిరాడనంతగా చుట్టూ మూగితే బెదిరిపోయి చెయ్యి విసిరాడు. ముందున్న ఒక ఆడమనిషి చెంప మీద పడింది. షంషాద్ పరుగెత్తుకెళ్లి ఆమె కాళ్లు పట్టుకోబోతే, ఆమె చెంప తడుముకుంటూ మురిసిపోయింది. స్వామి చెయ్యి తగిలిందంట, ఇంక కడుపు పండుతుందంట. ఆ మరునాడు ఇంకో ఇద్దరు వచ్చి కొట్టించుకోవడానికి కూర్చున్నారు. ఇది నేను కళ్లారా చూశాను. ఆ ఇద్దరినీ లేపి తరిమింది కూడా నేనే. ఊళ్లో నాకు గయ్యాళి టీచరని పేరు వచ్చింది. రానీ.

బయటివాళ్లను తరమొచ్చు. ఇంట్లోవాళ్లను ఏం చేస్తాం? మస్తానన్న తమ్ముడు మౌలా అన్న పక్కన కూర్చుని వచ్చినవాళ్లకు అర్థాలు చెప్పడం మొదలుపెట్టాడు. అంతవరకు అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు, ఇప్పుడు కుర్చీ వేస్తున్నారు. సోమందేపల్లె నుంచి షంషాద్ పెద్దాడబిడ్డ వచ్చి, ఆస్పత్రులకు తిప్పితే స్వామికి కోపం వస్తుందని హెచ్చరించి పోయింది. రేష్మ కాలేజీ మానేసి వాకిలికి కాపలా కూర్చుంది. ఆ పిల్ల ఒకరోజు పొయ్యి మీద కాలుతున్న పెనం పైన వాళ్ల నాయన అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచి, ఏమీ కానట్టు నిలబడటం చూసి కెవ్వుమంది. వేడి తగిలితే చెయ్యి తీయాలన్న తెలివి కూడా పోతోంది.

ఆ కాలిన చెయ్యి చూశాక ఓబులేసు ఎవరి మాటా వినలేదు. "పాండి మేడమ్, బెంగుళూరుకు పోదాం," అన్నాడు. మౌలాకు చెప్పకుండా నలుగురం తెల్లవారుజామున రైలెక్కాము.

ఆ పెద్దాస్పత్రి వసారాలో గంటల తరబడి కూర్చున్నాం. ఆయా ఒకామె వచ్చి షంషాద్‌ను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, "పేషెంటుకు చోటివ్వండి" అని మస్తానన్నను పక్కకు జరిపింది. ఆమె తప్పేం లేదు. చిక్కి సగమైంది షంషాద్. తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి తెచ్చిన మస్తానన్న మాకు తోడుగా వచ్చినవాడిలా ఉన్నాడు. పక్కన తెలుగు రాని ఒక కన్నడ ముసలామె సంగతి గ్రహించి, తన డబ్బాలో చిత్రాన్నం సగం తీసి మస్తానన్న చేతిలో పెట్టింది. వాళ్లాయన కూడా అదే వార్డుకు వచ్చాడు, డెబ్బై దాటిన మనిషి. ఆమె మస్తానన్న నల్లటి జుట్టు వైపు చూసి కళ్లు తుడుచుకుంది. మా ఊరు ఇన్ని నెలలుగా చేయలేని పని ఆమె ఒక పూటలో చేసింది.

లోపల డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. వయసులోనే వచ్చే మరపు జబ్బు అంది. తగ్గదు, నెమ్మది చేయొచ్చు అంది. అరుపులూ గుంపులూ లేకుండా చూసుకోండి, చేతులకు అలవాటైన పని ఏదో ఒకటి ఇవ్వండి, నిప్పు దగ్గర ఒంటరిగా వదలొద్దు అంది. షంషాద్ ఏడవలేదు. బయటికి వచ్చాక నాతో అంది, "జబ్బు పేరు తెలిసింది గదే, ఇంగ ఊరోళ్ల నోరు మూత పడతాది."

ఎంత ఆశ! తిరిగి రాగానే పండగ కమిటీ పెద్ద నాగిరెడ్డి ఇంటికి వచ్చి, షంషాద్ చూపించిన స్కానింగు కవరు వైపు చూడను కూడా చూడలేదు. "స్వామి ఉండేది ఫోటోలో పడతాదా అమ్మా?" అని నవ్వాడు.

విత్తనాల కాలం

డాక్టరమ్మ చెప్పినవాటిలో చేతికి పని అన్న మాట ఓబులేసుకు బాగా పట్టింది. మస్తానన్నకు స్పానర్లు ఇస్తే అన్నీ విప్పి పారేస్తున్నాడు. వేరే ఏమివ్వాలా అని ఆలోచిస్తుండగా విత్తనం వేసే కాలం దగ్గర పడింది. మా దగ్గర శెనక్కాయ విత్తనాన్ని చేత్తోనే ఒలుస్తారు, మిషనుకు వేస్తే పప్పు చిట్లి మొలక రాదని. ఓబులేసు ఒక కాయల మూట తెచ్చి మస్తానన్న ముందు కుమ్మరించాడు. ఆయన ఒక కాయ తీసుకుని, బొటనవేలితో నొక్కి, పప్పు చేటలో వేశాడు. ఇంకొకటి తీసుకున్నాడు. పొద్దు వాలేదాకా లేవలేదు. ఏడాదిగా ఆయన ముఖంలో అంత నెమ్మది నేను చూడలేదు.

అప్పటి నుంచి ఆ వాకిలి మా అడ్డా అయింది. పొద్దున ఓబులేసు కూర్చునేవాడు. బజారులో ఉగ్గాని హోటలు నడిపే లక్ష్మమ్మ మధ్యాహ్నం పొయ్యి ఆర్పి వచ్చేది, వస్తూ రెండు బజ్జీలు మస్తానన్నకు తెచ్చేది. బడి వదిలాక నేను. ఆ కాసేపట్లో షంషాద్ స్నానం చేసేది, నడుం వాల్చేది. రేష్మను తిరిగి కాలేజీకి పంపాం. అందరం ఒలుస్తూ ఏవో పిచ్చాపాటీ మాట్లాడుకునేవాళ్లం. మస్తానన్న అన్నీ విన్నట్టు తల ఊపేవాడు. ఓబులేసు విత్తనం అయిపోయాక వేరేవాళ్ల విత్తనం తెచ్చుకున్నాం.

స్వామిని అడగడానికి వచ్చేవాళ్లకు మందు కూడా అక్కడే దొరికింది. కనిపెట్టింది లక్ష్మమ్మ. ఎవరైనా చక్కెర పొట్లంతో వాకిట్లోకి రాగానే వాళ్ల ఒడిలో చేట పెట్టేది.

"మస్తాన్‌ను చూసేకి వచ్చినావా? కూచో. ఒలుస్తా ఉండు. ఆయప్ప చెప్పేటప్పుడు చెప్తాడు."

"ఎంతసేపు ఒలవాలక్కా?"

"స్వామి పని గదప్పా, లెక్క చూస్తారా యాడన్నా?"

ఒక గంటకు బొటనవేళ్లు మండి ఒక్కొక్కరే లేచి పోయేవాళ్లు. మేము కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం. చాలా రోజుల తరవాత షంషాద్ కూడా నవ్వింది. మొత్తం మీద ఒక్క నరసింహులు మాత్రం వచ్చి, ఏమీ అడగకుండా, ఒలిచి పోయేవాడు.

మళ్లీ పండగ

తొలకరికి అందరూ విత్తనం వేశారు. ఆ తరవాత చుక్క రాలలేదు. మొలకలు వాడుతున్నాయి. అంతలో పండగ వచ్చింది. నాగిరెడ్డి పదిమందితో షంషాద్ ఇంటికి వచ్చాడు. మౌలా వాళ్ల వెనకే ఉన్నాడు.

"ఈసారి గుండం పెద్దగా పేరుస్తాండాము. మస్తాన్ పీరును ఎత్తుకుని తొక్కాల. వానడగాల."

"ఆయప్పకు కాలేది కూడా తెలీదు నాగిరెడ్డన్నా," అంది షంషాద్. "పెనం మీద చెయ్యి పెట్టి తీయల్యా. నిప్పుల్లో నిలబడిపోతాడు."

"కాలేది తెలీదంటే ఏమమ్మా దానర్థం? స్వామి ఉండాడనే గదా."

నేను ఆగలేకపోయాను. "మీ నాయన మంచాన పడినప్పుడు ఆయనకూ తెలియలేదు కదన్నా, ఆయన్నెందుకు గుండంలో దింపలేదు?" అన్నాను.

"నువ్వు బయటినించి వచ్చినదానివి మేడమ్. బడి చూసుకో."

మౌలా వదిన వైపు వేలు చూపించాడు. "ఇది మా ఇంటి హక్కు. ఇంటికొచ్చిన ఆడదానివి, నువ్వెవరు కాదనేకి? రేపు వాన రాకుంటే ఊరంతా నిన్నే అంటాది."

ఇరవై ఐదేళ్లు ఆ ఇంటి అన్నం వండిన మనిషిని పట్టుకుని నువ్వెవరు అన్నాడు. పీర్లను చూసుకునే ముజావరు హుసేన్ తాత దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాం. తొంభైకి దగ్గర పడిన మనిషి. "నా మాట వినే కాలం పోయిందమ్మా," అని తల వంచుకున్నాడు.

చివరి రోజు ముందు సాయంత్రమే మస్తానన్నను ఓబులేసు చేను దగ్గరి కొట్టంలో పెట్టాం. తెల్లవారుజామున ఊళ్లో తప్పెట్లు మోగాయి. ఓబులేసు దొడ్డికి పోయి వచ్చేలోపల కొట్టం ఖాళీ. ఊరి దారి మరిచిన మనిషి, భార్య పెట్టిన అన్నం మరిచిన మనిషి, ఆ తప్పెట మోత వినిపించిన వైపు నేరుగా నడిచి చావిడికి చేరాడు.

ఓబులేసు ఫోను చేస్తే షంషాద్, నేను పరుగున పోయేసరికి నుదుటికి గుడ్డ కట్టేశారు. చేతికి పీరు ఇచ్చేశారు. మౌలా అన్న నడుముకు దట్టీ బిగిస్తున్నాడు. గుండం ఎర్రగా ఉంది, ఆ వేడికి దూరంగా నిలబడిన నా ముఖం కాలుతోంది. ఓబులేసు అడ్డం పడబోతే నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు. మస్తానన్న చెప్పులు లేని కాళ్లతో నిప్పుల అంచున నిలబడి, అంతమంది ఎందుకు అరుస్తున్నారో తెలియక, చుట్టూ చూస్తున్నాడు.

"స్వామీ, వాన!" అని నాగిరెడ్డి అరిచాడు. జనం అందుకున్నారు.

షంషాద్ నా చెయ్యి వదిలించుకుంది. ఆడవాళ్ల వరస దాటి, గుండం పక్కగా పోయి, పీరుకు ఎదురుగా నిలబడింది. మౌలా ఆమె రెక్క పట్టుకోబోయాడు.

"అడిగేకి వచ్చినా," అంది గట్టిగా. "అడిగేవాళ్లను ఆపేకి లేదు. మీ తాతల కాలం నుంచి ఉండే కట్టుబాటు. ఆపుతావా?"

మౌలా చెయ్యి ఆగిపోయింది. చావిడి అరుగు మీద నుంచి హుసేన్ తాత చెయ్యెత్తాడు. తప్పెట్లు ఆగాయి.

"అడుగు తల్లీ," అన్నాడు తాత.

షంషాద్ భర్త ముఖంలోకి చూసింది. "స్వామివైతే నీకన్నీ తెలుసు. నేనెవరు? నా పేరేమి?"

మస్తానన్న ఆమెను పైనుంచి కిందికి చూశాడు. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆయనకు ఎప్పుడూ ఉండే మర్యాదతో, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

"తెలీల్యామ్మా. ఎవురింటామెవు నువ్వు?"

షంషాద్ వెంటనే జనం వైపు తిరగలేదు. అలాగే నిలబడింది. ఎవరో ఆడమనిషి వెక్కింది. హుసేన్ తాత కర్ర తాటించుకుంటూ అరుగు దిగి వచ్చి, మస్తానన్న చేతుల్లోంచి పీరును తీసుకుని తన భుజానికి ఆనించుకున్నాడు. "స్వామి నా దగ్గరుండాడు. ఈయప్పను ఇంటికి తీసుకుపోండి," అన్నాడు. ఓబులేసును పట్టుకున్న చేతులు వదులయ్యాయి.

ఇప్పుడు

ఆ ఏడు మళ్లీ వాన రానేలేదు. దానికీ షంషాద్‌నే అన్నవాళ్లున్నారు, ఆ మాట నా ముందు అనరు. మౌలా అన్న ఇంటికి రావడం మానేశాడు. కొట్టించుకోవడానికి కూర్చున్న ఇద్దరూ, మంచం చుట్టూ మూగినవాళ్లూ, ఒక్కరంటే ఒక్కరు మళ్లీ ఎలా ఉన్నాడని అడిగిన పాపాన పోలేదు. స్వామి అయితే ఆటోల్లో వస్తారు, రోగి అయితే వీధి దాటి రారు. వచ్చేవాళ్లు మునుపటివాళ్లే. ఓబులేసు, లక్ష్మమ్మ, నేను, అప్పుడప్పుడు నరసింహులు. మస్తానన్న ఇప్పుడు పప్పులు పొట్టులో, పొట్టు చేటలో వేస్తాడు. ఓబులేసు ఏమీ అనకుండా రెండూ కలిపి తీసుకుపోయి ఇంటి దగ్గర ఏరుకుంటాడు. మాత్రల వల్ల కొంత, గుంపులు లేక కొంత, ఆయన నిమ్మళంగా ఉన్నాడు. రేష్మ పరీక్షలు రాసింది.

మీ ఇంట్లో పనిమంతుడైన మనిషి ఉన్నట్టుండి పని తప్పితే, దారి తప్పితే, తాగాడని అనకముందు ఒక మంచి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఒక డాక్టరు టెన్షన్ అని పంపేస్తే ఇంకొకరి దగ్గరికి పోండి. పక్కింట్లో అలాంటి మనిషి ఉంటే పోయి ఒక గంట కూర్చోండి, ఆ ఇంటి ఆడమనిషి స్నానమైనా చేసుకుంటుంది. చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే గొప్ప మాటలు లేవు.

మొన్న ఒక సాయంత్రం ఒలుస్తూ, నువ్వు భలే తెగించావని షంషాద్‌ను మెచ్చుకున్నాను. ఊరంతటి నోరు ఒక్క ప్రశ్నతో మూయించావన్నాను. ఆమె చేతిలో కాయ చిట్లలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది.

"మా అమ్మ పేరు అడుగుదామని పోయినానే. అదైతే ఆయప్పకు ఎప్పుడో మర్సిపోయింది. ఎదురుగా నిలబడేసరికి నోట్లోంచి ఇది వచ్చింది. నా పేరు చెప్తాడనే అనుకుంటి. ముందురోజు గూడా చెప్పినాడు."

నేను చేట పక్కన పెట్టాను.

"నేనెవరో తెలీని రోజు ఒగటి వస్తాదని డాక్టరమ్మ చెప్పింది. వస్తే ఇంట్లో వస్తాదిలే, తలుపేసుకొని ఏడుస్తాంలే అనుకుంటి," అంది. "ఆ ఏడ్చుకునేది గూడా నాకు లేకుండా చేసినారు గదే, అందరి ముందర."